దయ్యం దాగిన చోటు

మడివాళ సంతలో పిండిమర ముందు నిలబడితే, వేడివేడిగా సంచిలోకి రాలుతున్న రాగిపిండి వాసనకి నా చెయ్యి దానంతటదే ఎడమ కనుబొమ్మ మీదికి పోతుంది. అక్కడ చింతగింజంత మచ్చ ఉంది.

డెబ్బైల్లో మాది బెంగళూరు పేటలో నేతగాళ్ళ సందు. తెల్లవారగానే నాయన గుంటమగ్గంలో దిగేవాడు, పొయ్యి మీద సంగటికి ఎసరు మరిగేది, దండెం మీద రంగు ముంచిన పట్టునూలు తడి వాసన కొట్టేది, నాయనని కన్న మా అవ్వ విసుర్రాయి ముందు కాళ్ళు చాపుకుని గుప్పెడు గుప్పెడు రాగులు పోస్తూ పాట ఎత్తుకునేది. "మొదటేడు వాన లేదు, దయ్యం పొలిమేర చేరె, రెండోయేడు గింజ లేదు, దయ్యం గడప తొక్కె, మూడోయేడు గంజి లేదు, దయ్యం ఇంట్లో దాగె." కరువు పాటే గానీ పిల్లలమైన మాకు పండగే. ఎందుకంటే "యాడుండావే దయ్యమా?" అని అవ్వ అడిగినప్పుడు, దయ్యం బదులు మేమే జవాబు పాడాలి. ఉట్టి మీదనో, బియ్యం డబ్బా వెనకనో, ఎదురింటి పిల్లి తోకలోనో అనేవాళ్ళం. పాట ముగిశాక అవ్వ లేచి ఆ చోటుని మూడు దెబ్బలు కొట్టాల్సిందే, లేకపోతే దయ్యం పోదు. మధ్యలో పాట ఆపినా పోదు. పిల్లి మాత్రం ఒక్కసారీ దొరకలేదు.

నాయన మహా పనిమంతుడు, అంతకంటే ముక్కోపి. పోగు తెగితే చాలు, కండెలు చుట్టి ఇచ్చే అమ్మని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టేవాడు. ఎన్ని ఉగాదులకి సున్నం వేసినా ఆ గోడమీద ఆమె తలనూనె మరక మళ్ళీ తేలేది. సందులోవాళ్ళు అడిగితే "జారి పడితినక్కా" అనేది. ఏదో ఒకరోజు అమ్మ చచ్చిపోతుందన్న భయంతోనే రోజూ నిద్రలేచేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పొద్దున అమ్మ చిట్లిన పెదవితో పొయ్యి దగ్గర కూచుని ఉంది. అవ్వ పాడుతూ అడిగింది, "యాడుండావే దయ్యమా?"

"మా నాయన కుడిచేతిలో ఉండానే" అని పాడాను. రాగం కూడా తప్పలేదు.

మగ్గం ఆగింది. అడ్డపోగుని అటూ ఇటూ నడిపే, ఇనుప మొన ఉన్న నాడె ఆయన చేతిలోంచి రివ్వున వచ్చి నా కనుబొమ్మని చీల్చింది. నెత్తురు కళ్ళలో పడింది, రాగిపిండిలో పడింది. అమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టుకుని ఈడ్చాడు. అవ్వ పాట ఆపలేదు. చివరి చరణందాకా పాడి, విసుర్రాయి కొయ్యపిడి ఊడబెరికి లేచింది. జుట్టు పట్టుకున్న ఆ చేతి మీదే మొదటి దెబ్బ పడింది. రెండోదానికి ఎముక విరిగిన చప్పుడు వినబడింది. మూడోది కూడా వేసింది.

"మూడు సాలప్పా, ఇంక పోతాది" అంటూ కొడుకు చేతిని ఒళ్ళో పెట్టుకుని భోరుమంది.

నాకు మాత్రం సంతోషమేసింది. అది ఇవాళ్టికీ తప్పనిపించకపోవడమే నా సిగ్గు.

ఎముక వంకరగా అతికింది. ఆ తర్వాత మగ్గంలో అమ్మ కూచుంది. నేస్తూ అదే పాట పాడేది; "యాడుండావే" దగ్గరికి వచ్చేసరికి, ఎడంచేత్తో కండెలు చుట్టే నాయన కుడిచేతిని తువ్వాల కింద దాచుకునేవాడు. మళ్ళీ ఎవరి మీదా ఎత్తలేదు.

ఇప్పుడు ఆ సందులో మగ్గం గుంటలు పూడ్చి అంగళ్ళు కట్టారు. పాట తెలిసినవాళ్ళలో నేనే మిగిలాను. విసుర్రాయి మా మిద్దె మీద తులసికుండీ కింద ఉంది, పిడి లేదు. నిన్న మర దగ్గర మా పక్కింటి కోడలు పిల్ల పెదవి వాచి నిలబడింది. ఏమైందని అడిగితే "జారి పడ్డానాంటీ" అంది.

"ఏ చెయ్యమ్మా?" అని అడిగాను.

సంచి మూతి ముడేస్తూ "కుడిదే" అంది.

నా రాగులు మరలో పోయనివ్వలేదు. "పొద్దున్నే మా ఇంటికి రా, నీకొక పాట నేర్పిస్తా" అని చెప్పి, వడ్రంగి అంగడికి పోయి విసుర్రాయికి కొయ్యపిడి చెయ్యమన్నాను.