స్విట్జర్లాండు మఫ్లరు

డెబ్బైల మొదట్లో నేను బాపట్లలో కాలేజీ విద్యార్థిని, మా ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్ని. స్విట్జర్లాండులో నాకొక కలం స్నేహితుడుండేవాడు. అతనూ గోల్‌కీపరే. ఒక చిన్న ఊరి క్లబ్బు అతనికి జీతమిచ్చి మరీ ఆడించేది. బంతి పట్టుకుంటే జీతమిస్తారంటే మా అమ్మ నమ్మలేదు. "మరి వదిలేస్తే కోత పెడతారా?" అని అడిగింది.

ఒక ఏప్రిల్లో అతను తన క్లబ్బు రంగుల్లో అల్లిన ఉన్ని మఫ్లరు పంపాడు. అక్కడ ఆట చూడటానికి వచ్చేవాళ్లందరూ దాన్ని మెడకు చుట్టుకుంటారట. రేపల్లె జట్టుతో ఆట ఉన్న రోజు నేనూ చుట్టుకుని, మండుటెండలో గోలు ముందు నిలబడ్డాను.

రేపల్లె ఆటగాడొకడు బంతితో దూసుకొచ్చి, నన్ను చూసి ఠక్కున ఆగిపోయాడు.

"ఏంటన్నా, గొంతు నొప్పా? ఇంటికెళ్లి మిరియాల పాలు తాగకపోయావా?" అన్నాడు జాలిగా.

"లేదు తమ్ముడూ, ఇది స్విట్జర్లాండు..." అని నేను గొప్పగా మొదలుపెట్టేసరికి బంతి నా పక్కనుంచి వలలో పడింది. తర్వాత ఇంకో నాలుగు పడ్డాయి. అప్పుడెవరూ నా ఆరోగ్యం అడగలేదు.

సిగ్గు విడిచి జరిగిందంతా స్విట్జర్లాండు స్నేహితుడికి రాశాను. నెలకు జవాబొచ్చింది. ఈమధ్యే అతనూ ఒకే ఆటలో ఆరు గోల్స్ వదిలేశాడట. ఊళ్లో తలెత్తుకోలేక మా బాపట్ల వచ్చేద్దామనుకుంటున్నాడట.

ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ మనసు కరిగిపోయింది.

"పాపం, రమ్మనరా. నీకంటే ఒక్కటేగా ఎక్కువ" అంది.