తడి తగలకుండా చూసుకున్న ల్యాప్‌టాప్

2006లో నన్ను మదురై నుంచి విరుదునగర్ సర్వీసు సెంటరుకు సీనియర్ ఫీల్డ్ ఇంజనీరుగా వేశారు. ఫీల్డ్ ఇంజనీరంటే కుర్చీలో కూర్చునే వీల్లేని ఇంజనీరని అర్థం. అటు వత్రాప్ నుంచి ఇటు కడంబూరు దాకా మా కంపెనీ కంప్యూటరు ఎక్కడ మొరాయించినా సంచీ భుజాన వేసుకుని బస్సెక్కడం నా పని. అంతకుముందు తొంభైలన్నీ స్టెబిలైజర్లు, యూపీఎస్‌లు బాగుచెయ్యడంలో గడిచాయి. అందుకే ఇళ్ళల్లోని కరెంటు మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

ఇంకొక మాట. మాది కడంబూరు పక్క తెలుగు ఇల్లు. ఇంట్లో మాట్లాడడమే గాని చదవడం రాయడం ఎరగం. అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక, హైదరాబాదు ట్రైనింగులో పక్క మంచం ఆయన దగ్గర నేర్చుకున్నాను. నా రాతలో తమిళ వాసన తగిలితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

వారంటీ అనగానే సామాను పాడైతే కొత్తది చేతిలో పెడతారని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. కస్టమరు చెన్నైకి ఫోన్ చేస్తే ఫిర్యాదుకొక నంబరిస్తారు. ఆ నంబరుతో యంత్రాన్ని మా దగ్గరికి తేవాలి. దాన్ని బల్ల మీద పెట్టి రాత్రంతా నడిపి చూస్తాం. లోపం మా కళ్ళముందు బయటపడితే ఆ భాగం మారుస్తాం. బయటపడకపోతే ‘నో ఫాల్ట్’ అని రాసి తిప్పి పంపుతాం. దాని అసలు అర్థం లోపం మాకు దొరకలేదని. కస్టమరుకు మాత్రం లోపమే లేదని చెబుతాం.

ఆ మే నెలలో ఎస్తేరు అనే ఆవిడ కోవిల్‌పట్టి నుంచి అదే ల్యాప్‌టాప్‌తో మూడోసారి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు దాటి ఉంటాయి. తండ్రి అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళకు బొమ్మలు గీసేవాడట. ఆయన పోయాక ఆ పని కాస్తా శివకాశి ప్రెస్సుల్లో కంప్యూటర్ల పాలైంది. ఈమె అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు నింపే పనికి పోతూ, సాయంత్రాలు కంప్యూటరు మీద బొమ్మలు చెయ్యడం నేర్చుకుంది. చివరికి ల్యాప్‌టాప్ కొని, పుల్లల పని మానేసింది. ఒక ఫ్యాక్టరీ యజమాని కోడిపుంజు లేబులు కొత్తగా చేసి చూపించమన్నాడు. నెలాఖరులోగా చూపిస్తే ఆయన లేబుళ్ళన్నీ ఈమెకే. చూపించలేకపోతే పని ప్రెస్సుకు పోతుంది, ఈమె మళ్ళీ పుల్లల దగ్గరికి పోవాలి.

ఆమె ఫిర్యాదు ఇదీ. కొన్న కొత్తలో బాగానే పనిచేసింది. తర్వాత తర్వాత ఛార్జరు తగిలించి గీత గియ్యబోతే తెర మీది బాణం గుర్తు తనంతట తానే గెంతుతోంది. మౌసు కొని పెట్టినా, ఎడమ చెయ్యి యంత్రానికి ఆనితే చాలు, అదే గెంతు. ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమంటున్నాయి. ఛార్జరు తీసేస్తే ఏ గొడవా లేదు, కాని బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

మొదటి రెండుసార్లూ నా సహోద్యోగి చూశాడు. మా బల్ల మీద అది బుద్ధిమంతురాలిలా నడిచింది. మొదటిసారి ‘నో ఫాల్ట్’ రాశాడు. రెండోసారి ‘యూజర్ హ్యాండ్లింగ్’ అని రాశాడు. యంత్రం బాగుంది, వాడే మనిషికే చేతకావడం లేదని దాని భావం. మూడోసారి నేను కూడా రాత్రంతా నడిపి చూశాను. ఏమీ దొరకలేదు. మదురైలోని ఏరియా మేనేజరు ఫోన్లో, అదే మాట మళ్ళీ రాసి ముగించెయ్యమన్నాడు. అలా రెండుసార్లు పడితే ఇక ఆ ఫిర్యాదును వారంటీ కింద చూడరు.

ఎస్తేరు కౌంటరు దగ్గర నిలబడి ఆ రెండు ఇంగ్లీషు మాటలకూ అర్థం అడిగింది. తమిళంలో చెప్పాను. ఆమె అరిస్తే నాకు సుఖంగా ఉండేది. అరిచేవాళ్ళకు ఏం చెప్పాలో మాకు నేర్పారు. ఆమె అరవలేదు. కౌంటరు మీది పెన్ను తీసుకుని, పక్కన పడున్న అట్టపెట్టె మూత మీద కోడిపుంజు బొమ్మ గీసింది. జుట్టు దగ్గర మొదలుపెట్టి తోక చివరిదాకా పెన్ను ఎత్తలేదు. తోకలో ఈకలన్నీ కత్తుల్లా వంపు తిరిగి ఉన్నాయి. మా నాన్న దగ్గర గీత నేర్చుకున్నదాన్ని, యంత్రం బాగుందంటే వింటాను గాని నా చెయ్యి బాగాలేదంటే ఒప్పుకోను అని, పెన్నుకు మూత పెట్టి ఇచ్చేసింది.

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ వారంటీలో ఇంటికి వెళ్ళి చూసే సదుపాయం లేదు. చంకన పెట్టుకుని తెచ్చే యంత్రానికి ఇంజనీరు ఇంటికి పోవడమేమిటని మేనేజరు చిరాకుపడ్డాడు. కోవిల్‌పట్టిలో ఒక ఆఫీసు ప్రింటరు ఎలాగూ చూడాలి, పనిలో పనిగా ఇదీ చూసొస్తానన్నాను. సరే నీ ఇష్టం, నీ కాళ్ళు అన్నాడు.

ఆ ఇల్లు ఊరి చివర, నల్లరేగడి నేలలో ఉంది. వేసవిలో ఆ నేల ఎలా నెర్రెలిస్తుందో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, చూడనివాళ్ళు దాని మీద నడిస్తే చెప్పు ఇరుక్కుంటుంది. ఎస్తేరుతో పాటు ఇంట్లో ఉండేది తల్లి రూతమ్మ ఒక్కతే. నేను గడప దాటేసరికి ఆవిడ కూతురితో, నాకు అర్థం కాదనుకుని, మాట నొక్కడానికి తమిళ ‘దా’ తగిలించే మా వైపు తెలుగులో అంది.

“ఈ అయ్య కూడా పెట్టె బాగుండాదనేదా చెప్పి పోతాడు, చూస్తా ఉండు.”

“పెట్టె ఇంకా తెరవనే లేదవ్వా, అంతలోపల చెప్పేస్తివే” అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎస్తేరు నవ్వడం ఆరోజే మొదటిసారి చూశాను. అక్కడినుంచి తమిళం పక్కకు పోయింది, రూతమ్మ నోట నేను సారు నుంచి నైనాకు మారాను.

ఆ గదిలో ఛార్జరు తగిలించి వేలు పెట్టగానే చీమలు పాకినట్టయింది. బాణం గుర్తు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు గెంతింది.

“చూసినారా సార్?” అంది ఎస్తేరు.

“చూసినానమ్మా” అన్నాను. అనకూడదు గాని చాలా సంతోషం వేసింది. కనబడిన లోపాన్ని పట్టుకోవడం ఏమంత కష్టం కాదు.

మూడు కన్నాల ప్లగ్గులో పైనుండే పెద్ద కన్నం ఎర్తుది. దాని వైరు గోడ వెంట బయటికి వెళ్ళి, భూమిలో పాతిన ఇనప పైపుకు కలుస్తుంది. పైపు చుట్టూ గోతిలో బొగ్గు, ఉప్పు వేస్తారు. యంత్రంలోంచి కారే కొద్దిపాటి కరెంటు ఆ దారిన భూమిలోకి దిగిపోవాలి. మా సెంటరులో ఆ దారి బాగుంది, అందుకే లోపం మాకు దొరకలేదు. దారి లేకపోతే అది యంత్రం ఒంటి మీదే ఉంటుంది. అప్పుడు కీబోర్డు కింద వేలి స్పర్శను గుర్తుపట్టాల్సిన పలకకు ఏది వేలో ఏది కరెంటో తెలియదు. నా సంచీలో ఎప్పుడూ ఒక టెస్టు బల్బు ఉండేది, రెండు వైర్లు తగిలించిన మామూలు బల్బు. కింది రెండు కన్నాల మధ్య పెడితే భేషుగ్గా వెలిగింది. కరెంటు కన్నానికీ ఎర్తుకూ మధ్య పెడితే మినుకైనా లేదు.

వైరు ఎక్కడా తెగలేదు. దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. గది గోడను ఆనుకునే పైపు ఉంది. దాని చుట్టూ నేల నోరు తెరుచుకుని ఉంది, పైపును ముట్టుకుంటే కదిలే పన్నులా ఊగింది. గోడ అడుగున మాత్రం పాత పాచి మరకలు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఇంత ఎండిన చోట పాచి ఎక్కడిది? ఇక్కడ ముందు ఏముండేదవ్వా అని అడిగాను.

“అంట్లు తోమే రాయి ఉన్నింది నైనా” అంది రూతమ్మ. “పెట్టె వచ్చిన దినమే అవతలికి తోసేసినాము. తడి తగిల్తే వారంటీ పోతాదని అంగడాయన చెప్పినాడు. ఈ గోడ లోపలి పక్కనేదా పెట్టె ఉండేది. ఒక చుక్క గూడా ఇటు రానియ్యలేదు నేను.”

చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. కాగితంలో ఆ షరతు ఉన్న మాట నిజమే. తడి వల్ల చెడితే వారంటీ వర్తించదు. ఇన్నేళ్ళూ ఆ ఇంటి ఎర్తును బతికించింది ఆవిడ గిన్నెలు కడిగిన నీళ్ళు. యంత్రాన్ని కాపాడాలని ఆ నీళ్ళు ఆపేశారు. భూమిలో పాత తడి ఉన్నంతకాలం అంతా బాగుంది, ఎండలు ముదిరాక గొడవ మొదలైంది.

బిందెడు నీళ్ళు పట్టుకురమ్మన్నాను. రూతమ్మ కదల్లేదు.

“తాగే నీళ్ళా? కొళాయిలో ఎప్పుడు వస్తాదో తెలవని నీళ్ళు మట్టిలో పొయ్యాలనా? నువ్వు ఈ ఊరోడివేనా నైనా?”

నేనూ ఆ పక్కవాణ్ణే కాబట్టి మంచినీళ్ళ మాట వదిలేశాను. చివరికి బియ్యం కడిగినవి, బట్టలు జాడించినవి, ఇంట్లో ఉన్న మురికినీళ్ళన్నీ తెచ్చి పైపు చుట్టూ పోశాం. నెర్రెల్లోకి అవి గుటకలు వేస్తున్నట్టు దిగాయి. నల్లమట్టి తెచ్చి తొక్కి మళ్ళీ పోశాం. లోపలికి వెళ్ళి బల్బు పెట్టాను. ముందు తీగె మాత్రం ఎర్రబడింది. ఇంకాస్త ఆగి పెడితే వెలిగింది. రూతమ్మ ఆ బల్బును, తర్వాత నన్ను, తర్వాత కూతుర్ని చూసింది.

“అయితే నేనేదా చెడిపినానా?” అంది.

“నువ్వే ఇన్నేండ్లు కాపాడినావు అవ్వా. రాయి మళ్ళా ఇక్కడికే తెచ్చుకో” అన్నాను.

ఎస్తేరు ఛార్జరు తగిలించుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి యంత్రం మీద పూర్తిగా ఆనించి, కోడిపుంజు తోక మొదలుపెట్టింది. బాణం గుర్తు ఆమె చెప్పిన చోటికే పోయింది. ఆమె గీస్తూనే ఉంది. నేను టీ తాగి వచ్చేశాను.

ఏ భాగం మార్చావని మేనేజరు ఫోన్లో అడిగాడు. ఏదీ మార్చలేదన్నాను. సంగతంతా విని, ఎర్తు లేని చోట వాడితే వారంటీయే చెల్లదు కదా అని ఉత్సాహపడ్డాడు. నేను బయల్దేరేటప్పటికి ఎర్తు ఉంది సార్, బల్బు సాక్షి అన్నాను. ఫిర్యాదును నేనే ముగించాను. యంత్రం బాగుంది, ఎర్తు సరిచేయబడింది, వాడే మనిషి చెయ్యి బాగుంది అని రాశాను. చివరి మాట రూల్సులో లేదని ఆయన గొణిగాడు. పాత మాట మాత్రం ఏ రూల్సులో ఉందని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

వారంటీ ముగిసే ముందు ఎస్తేరు ఫ్యాను శుభ్రం చేయించుకోవడానికి వచ్చింది. సంచీలోంచి ఒక అగ్గిపెట్టె తీసి, నా ముందు కాదు, నా సహోద్యోగి ముందు పెట్టింది. కోడిపుంజు లేబులు, కత్తుల్లాంటి తోక. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి, బాగుందన్నాడు. తెలుసు అంది ఎస్తేరు.

రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా, యంత్రానికి ఏమైందని నేను ముందుగా అడగలేదు. ఇది వచ్చాక ఇంట్లో ఏం మార్చారని అడిగేవాణ్ణి. ఏమీ మార్చలేదు సార్, కొత్తది కదా, ఎంతో జాగ్రత్తగా చూసుకుంటున్నాం అనేవారు. ఆ జాగ్రత్త ఏమిటో చూపించమనేవాణ్ణి. చాలాసార్లు స్క్రూడ్రైవరు బయటికి తియ్యాల్సిన అవసరం రాలేదు.