పావు వంతు కోత

మా ఆయన పని, కట్టబోయే భవనాలకు ముందే ఖర్చు లెక్కకట్టడం. పునాది తవ్వకముందే ఇసుకెంత, ఇనుమెంత, పై అంతస్తుకు ఇటుకలు మోసే కూలి ఎంత, ఆ మోతలో పగిలేవెన్ని, అన్నీ చెప్పాలి. ఇంటికొచ్చాక మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కూడా చెప్పలేరు. అంతగా అలిసిపోయి వస్తారు.

ఆ అలసట లెక్కల వల్ల కాదు, లెక్క రాశాక జరిగే తతంగం వల్ల. కాంట్రాక్టరు పెద్దాయనకు ఏ అంకె చూపించినా ఒకటే మాట: "ఇంతెందుకయ్యా? పావు వంతు కొయ్యి!" కోసిన ధరకే పని ఒప్పుకునేవారు. సగం గోడలు లేచేసరికి డబ్బు అయిపోయేది. అప్పుడు తిట్లు తినేదెవరు? నోట్లో నాలుక లేని మా ఆయన. కొన్నేళ్ళు అలా పడీ పడీ, చివరికి ఆ కోతకు సరిపడా ముందే కలిపి రాయడం మొదలుపెట్టారు. పెద్దాయన కోసేవారు, మిగిలింది అసలు ఖర్చుకు సరిగ్గా సరిపోయేది. సంగతి ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. మేస్త్రీలు మా ఆయనకు 'పావుగారు' అని పేరు కూడా పెట్టేశారు.

"ఈ దొంగాట ఎందుకండీ? ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చుగా!" అని నేను పోరితే, "చెబితే నమ్మేదెవరే?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అయినా నేనేం తక్కువ తిన్నానా? ఆరింటికి రావాల్సిన మనిషిని రోజూ ఐదింటికే రమ్మనేదాన్ని.

కిందటేడు పెద్దాయన మంచాన పడ్డారు. ఆ కుర్చీలో కూతురు కూర్చుంది. చేతిలో పనుల్లేవు. ఒక ఆసుపత్రి కొత్త భవనం కట్టే పని వస్తే ఆఫీసు నిలుస్తుంది, లేదంటే తాళమే. మేస్త్రీల పొయ్యి, మా పొయ్యి అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మా ఆయన నడుం విరిగేలా కూర్చుని లెక్క కట్టి, అలవాటు ప్రకారం పైన కలిపి, ఆ అమ్మాయి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశారు.

మర్నాడు వెళ్ళేసరికి కాగితాలు లేవు.

"నిన్ననే ఆసుపత్రివాళ్ళకు పంపేశానండీ. మీరు రాశాక ఇంక నేను చూసేదేముంది?" అందట ఆ అమ్మాయి, నవ్వుతూ.

అన్నేళ్ళలో మొదటిసారి ఒకరు మా ఆయన అంకెను అంకెగా నమ్మారు. అదేమో నిజం అంకె కాదాయె!

పని వేరేవాళ్ళకు పోయింది. వాళ్ళ ధర మా ఆయన అసలు లెక్క కంటే కాస్త ఎక్కువే. ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే పని మాదే. ఆ సంగతి తెలిశాక ఈయనకు ముద్ద దిగలేదు. వెళ్ళి ఆ అమ్మాయికి అంతా చెప్పేశారు.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "నాన్న ముందే చెప్పారండీ, పావు కొయ్యమని మరీ మరీ చెప్పారు. మీ అంత పెద్ద మనిషి రాసింది కొయ్యడానికి నాకే చెయ్యి రాలేదు" అందట.

"తిట్టినా బాగుండేదే" అన్నారు నాతో, గోడకేసి చూస్తూ. జాలేసింది, కోపమూ వచ్చింది.

ఆఫీసు మూసేముందు కాంక్రీటు కలిపే యంత్రాలు, పరంజా కర్రలు, నిచ్చెనలు అమ్మకానికి పెట్టారు. ఆ డబ్బుతో మేస్త్రీల పాత కూలి తీర్చాలి. ధరలు రాయమని ఆ అమ్మాయి ఈయన్నే అడిగింది. ఈసారి ఏమీ కలపలేదు. ఒక్కో వస్తువూ తడిమి చూసి, ఎంతకు పోతుందో అంతే రాశారు.

అమ్మకం రోజు కూడా అలవాటు కొద్దీ ఐదింటికి రమ్మన్నాను. ఐదింటికే వచ్చారు. చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడ్డారు.

"అన్నీ పోయాయా?" అన్నాను.

"మధ్యాహ్నానికే పోయాయి. ఎగబడి కొన్నారు."

"మంచిదేగా! మేస్త్రీలకు డబ్బు వచ్చినట్టేగా?"

"చాల్లేదు. నేను రాసిన ధరల్లో ఆ అమ్మాయి పావు వంతు కోసేసింది."

"అయ్యో రామా! ఇవి కలిపి రాసినవి కావని చెప్పలేదా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే?" అన్నారు.