నలభై మంది ఆడపిల్లలకు మైదా జిగురు

పుస్తకం అనేది చదవడానికని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ రోజుల్లో నా లెక్కలో పుస్తకమంటే నలగకుండా, చిరగకుండా, మూల మడవకుండా కాపాడుకోవలసిన వస్తువు. మా బాపు కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. అక్కడ మిగిలిపోయిన ఖాకీ కాగితం చుట్టలు చుట్టలుగా మా ఇంటికి వచ్చేది. జూన్ వచ్చిందంటే వాడకట్టులోని పిల్లలందరూ కొత్త పుస్తకాలు పట్టుకుని మా గుమ్మం ముందు కూర్చునేవాళ్లు, నా చేత అట్టలు వేయించుకోవడానికి. నేను వేసిన అట్ట సంవత్సరం చివరిదాకా ఊడదని పేరుండేది. (డిగ్రీ మూడో సంవత్సరంలో కూడా ఈ గొప్పే చెప్పుకునేదాన్ని. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు మరి.)

డిగ్రీ అయిపోయిన ఎండాకాలం నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, జూన్ నుంచి బాపు కంపెనీలోనే కాంట్రాక్టు మీద మాత్రల డబ్బాలు సర్దే పని. పొద్దున అయిదున్నరకు షిఫ్టు బస్సు, మూతికి గుడ్డ, ఎనిమిది గంటలు నిలబడటం. రెండోది మా చర్చి వాళ్ల బడిలో లైబ్రరీ చూసుకునే పని. ఆ రెండో దారికి తాళం పాస్టరమ్మ చేతిలో ఉంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, మీ బాపు కంపెనీ మేడం నలభై పుస్తకాలు పంపుతున్నది. సెలవులల్ల చర్చి పక్క హాల్ల కూసోని పిల్లలకియ్యి. నెలాఖరుకు మేడం వచ్చి సూస్తది. పుస్తకాలు మంచిగుండాలె, ఆమె మంచిగ చెప్పాలె. గట్లయితే బడిల పని నీకే" అన్నది. నాకు ఆ మొత్తంలో వినిపించింది ఒక్కటే, పుస్తకాలు మంచిగుండాలె.

పెట్టె తెరిచినప్పుడు ఎవరైనా మురిసిపోయేవాళ్లు. పది పన్నెండేళ్ల పిల్లల కోసం తెలుగులో వేసిన కథల పుస్తకాలు, ఒక్కోటి ఒక్కో ఆసియా దేశం అమ్మాయి కథ. అట్ట మీద ఆ అమ్మాయి బొమ్మ. గుర్రం మీద మంగోలియా పిల్ల, వరదలో పడవ నడుపుతున్న వియత్నాం పిల్ల, రొట్టెల పొయ్యి ముందు ఉజ్బెకిస్తాన్ పిల్ల, గోల్ పోస్టు ముందు చేతులు చాపి నిలబడ్డ కొరియా పిల్ల. వాళ్ల కళ్లలోకి చూసి నేను అనుకున్నది, "అయ్యో, ఇంత తెల్లటి అట్టలా! మామిడి రసం చేతులు పడితే ఏంగాను?" అని.

ఆ సాయంత్రమే అమ్మ మైదా ఉడికించింది, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది. నేను మామూలుగా కాగితం మడిచి అట్ట వేయబోతుంటే బాపు ఆపాడు. "ఉత్తగ మడిస్తే జారుతది బిడ్డా, అతికియ్యి. మా కాడ డబ్బాలు గిట్లనే అతికిస్తం. లారీల ఢిల్లీ దాక పోయినా ఊడది." ఇంట్లోనే నిపుణుడు ఉండగా ఇంకేం కావాలి? ముగ్గురం కూర్చుని నలభై మంది అమ్మాయిల ముఖాలకూ జిగురు పూసి, ఖాకీ కాగితం అతికించి, పైన చక్కగా నంబర్లు వేశాం. తొందరలో ఒక్క పుస్తకానికి మాత్రం కాగితం తిరగబడి అచ్చున్న వైపు పైకి వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, పిల్లలకు అందకుండా ఉంచవలెను అని ఉంది. నెలంతా ఎవరూ దాని గురించి అడగలేదు. నా పద్ధతి చూసి అది నిజమే అనుకున్నారేమో.

పిల్లలు వచ్చారు. బయట ఎండ మండిపోతుంటే, ఫ్యాను ఉన్న హాలు అదొక్కటే. "అక్కా, పదిహేడో నంబర్ల ఏమున్నది?" అని అడిగితే, "చదివితే తెలుస్తది" అని గంభీరంగా అనేదాన్ని. నాకూ తెలియదని వాళ్లకేం తెలుసు? నలభైలో ఒక్కటీ నేను తెరవలేదు. గల్లీ క్రికెట్ టీముకు నాయకుడొకడు, అందరూ కెప్టెన్ అనేవాళ్లు, పుస్తకం తీసుకెళ్లిన పది నిమిషాలకే తిరిగి వచ్చాడు. "అక్కా, గిండ్ల హీరో ఆడపిల్ల. వేరేది ఇయ్యి." మూడు రోజుల దాకా మార్చేది లేదని నా రూలు. వాడు కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ పోయాడు. నాలుగో రోజు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గీమె పడవ మస్తు నడిపింది అక్కా. గిసుంటి ఆడపిల్లదే ఇంకొకటి ఉంటె ఇయ్యి" అన్నాడు. వాళ్లలా చదువుతుంటే నేను మాత్రం కాగితాలకు మరకలు పడ్డాయేమోనని తనిఖీ చేస్తూ తిరిగేదాన్ని.

ఆ తనిఖీలోనే దొరికింది పెన్సిల్. ఒడిశా నుంచి వచ్చి బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన కూతురు, పదకొండేళ్లుంటాయి. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క ఉండేది కాబట్టి ఆ పేరు. తొమ్మిదో నంబరు పుస్తకం మీద, నేను అంత శుభ్రంగా వేసిన అట్ట మీద, ఈ చివర నుంచి ఆ చివరకు బొమ్మ గీసింది. బడిలో పని కళ్లముందే చేజారిపోతున్నట్టు, షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నట్టు అనిపించింది. "ఇది నీ అయ్య సొమ్మనుకున్నవా? నెలాఖరు దాక నీకు పుస్తకం లేదు, పో!" అని లాక్కున్నాను. అది ఏడవలేదు. "అక్కా, ఇంక జెరంతనే ఉన్నది. పందెం షురూ అయింది, గుర్రం ఉరుకుతున్నది" అని బతిమాలింది. "ఉరికితే ఉరకనియ్యి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకోవాలనిపిస్తుంది. ఆ గీతల పిచ్చి వైరస్‌లా అంటుకున్నట్టుంది, చూస్తే ఇంకో ఆరేడు పుస్తకాల మీదా బొమ్మలే. అన్నిటికీ పైన మళ్లీ కొత్త కాగితం వేశాను, ఈసారి మైదా అయిపోతే నాలుగు మూలలకే జిగురు పెట్టి. పెన్సిల్ రోజూ వచ్చి, లోపలికి రాకుండా, గుమ్మం మెట్ల మీద కూర్చునేది.

నెలాఖరు వచ్చింది. కంపెనీ మేడం కారు దిగింది. వెంట కెమెరా పట్టుకున్న మనిషి. పిల్లలను వరసగా నిలబెట్టి, తలా ఒక పుస్తకం పట్టించాను. మేడం ఆ నలభై ఖాకీ ముక్కలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "అమ్మాయిల బొమ్మలేవండీ? ఫోటోలో అవి కనిపించాలి కదా. ఈ కాగితాలు తీసేయండి" అంది. నేను నవ్వుతూనే ఒకటి అందుకున్నాను. గోరుతో లాగితే కాగితంతోపాటు కొరియా పిల్ల ముక్కూ నోరూ ఊడి వచ్చాయి. బాపు చెప్పింది నిజం, ఢిల్లీ దాకా పోయినా ఊడేది కాదు. పాస్టరమ్మ కళ్లు మూసుకుంది, ప్రార్థన చేస్తోందనుకుంటాను. ఇంకోటి తీశాను. తొమ్మిదో నంబరు. మూలలు పట్టి లాగగానే పై కాగితం పూర్తిగా వచ్చేసింది.

కింద పెన్సిల్ గీసిన బొమ్మ. రెండు జడలకు రిబ్బన్లు, బడి గౌను, కొంచెం బర్రెలా ఉన్న గుర్రం. వెనక కొండలుండాల్సిన చోట మా కాజీపల్లి పొగ గొట్టాలు. రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర జనం చేతులూపుతున్నారు. మేడం పుస్తకాన్ని తన చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టింది. తర్వాత, "కథలో అమ్మాయిని పిల్లలు తమ ఊరికి తెచ్చుకున్నారన్నమాట! ఎంత బాగుంది! ఈ ఆలోచన మీదేనా?" అంది.

మెట్ల మీద కూర్చున్న పెన్సిల్ తల తిప్పి నన్నే చూస్తోంది. అది గీసింది పెన్సిలని చెప్పబోతూ కెప్టెన్ నోరు తెరిచాడు. నాకు కనిపించింది మాత్రం మాత్రల డబ్బాలు, మూతికి గుడ్డ, అయిదున్నర బస్సు. "అవును మేడం" అన్నాను, వాడికంటే ముందే. "మరి పైన ఈ కాగితం?" "మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని" అన్నాను. అబద్ధం ఒకటి ఆడాక రెండోది దానంతటదే వచ్చింది. మిగతా బొమ్మలన్నీ బయటికి తీశాం, ఫోటోలే ఫోటోలు. వెళ్తూ వెళ్తూ మేడం పాస్టరమ్మతో, "ఈ అమ్మాయిని వదులుకోకండి" అని చెప్పి మరీ వెళ్లింది.

కారు మలుపు తిరిగాక పాస్టరమ్మ, "పని నీకే బిడ్డా" అన్నది. ఎగిరి గంతేయాల్సిన సమయం. కాళ్లు మాత్రం మెట్ల వైపు పోయాయి. పెన్సిల్ పక్కన కూర్చున్నాను. తొమ్మిదో నంబరు మూలలు ఒత్తి ఒత్తి సరిచేశాను. చివరికి, "నీ బొమ్మ నాదని చెప్పిన. కోపమొచ్చిందా?" అని అడిగాను.

అది ఆ సంగతే పట్టనట్టు నా చేతిలోని తొమ్మిదో నంబరు వైపు చూసింది. "మేడం పోయింది గద. నెల అయిపోయింది గద. ఇగ పుస్తకం ఇస్తవా?"

"ఇస్త."

"అక్కా, గుర్రం గెల్సిందా? నువ్వన్ని చదివినవ్ గద, జెర చెప్పరాదు."

చదవలేదని చెప్పాను. అది నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే, అందులో కోపం లేదు, జాలి ఉంది. పుస్తకం తీసుకుని, కొంచెం జరిగి చోటిచ్చి, "గట్లయితే మొదట్నించి చదువుత, ఇను" అంది. నేను విన్నాను. అర్థం కాని చోట తనే ఆపి విప్పి చెప్పింది. చీకటి పడుతుంటే పాస్టరమ్మ తాళం వేయడానికి వచ్చి, "ఏందమ్మా, ఇంక ఇంటికి పోలేదా?" అంది. "జెర ఆగుండ్రి అమ్మా, పందెం షురూ అయింది" అన్నాను. (ఆ గుర్రం గెలిచిందో లేదో ఇక్కడ చెప్పను, మా లైబ్రరీకి వచ్చి చదువుకోండి.)

ఆ మరుసటి ఏడు పెన్సిల్ వాళ్ల నాన్నకు వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయారు. మేడంకు నిజం చెప్పే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, తిట్టాలనీ అనిపిస్తుంది, దాని భయం తలుచుకుని పోనీలే అనీ అనిపిస్తుంది. నలభై పుస్తకాలలో ఒక్కటంటే ఒక్కటి తెరవని దానికి లైబ్రరీ ఉద్యోగం ఇచ్చారు. చదవడం నేర్పింది మాత్రం, నేను పుస్తకం ఇవ్వనని మెట్ల మీద కూర్చోబెట్టిన పిల్ల.