అటక మీది నక్షత్రం

నానక్‌రామ్‌గూడలో ఇల్లు చూపిస్తూ ఓనరమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "గోడలకు మేకులు కొట్టొద్దు బిడ్డా. ఇంకేమన్న చేస్కో." నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. నిజం చెప్పొద్దూ, లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మేకులే వద్దంటే, పెళ్ళికి పాస్టరుగారిచ్చిన బైబిల్ వాక్యం పటం ఎక్కడ పెట్టావని మావాళ్ళెవరూ నన్ను నిలదీయరు కదా.

అంతకుముందు కొండాపూర్‌లో ఉండేవాళ్ళం. క్రిస్మస్‌కి బాల్కనీలో నక్షత్రం కట్టిన మర్నాడే ఆ ఓనరుగారు వచ్చి, "మా అబ్బాయి వస్తున్నాడండి, ఇల్లు కావాలి" అన్నారు. ఆ అబ్బాయి ఎవరో, ఎప్పుడొచ్చాడో దేవుడికే తెలియాలి. మా సామాను లారీ ఎక్కుతుంటేనే గేటుకి టూలెట్ బోర్డు వేలాడింది. నవ్వుతూ మెడపట్టి గెంటడమంటే ఏమిటో ఆరోజు చూశాను. రెండో తరగతి చదివే మా అమ్మాయి కొత్త స్కూల్లో నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంకోసారి ఇల్లు మారితే దాని పని ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు భయం. అందుకే నక్షత్రం అటకెక్కింది, పటం పెట్టెలో చీరల మధ్యకి పోయింది. రోజూ సాయంత్రం చేసే ప్రార్థన కూడా పాటలు మానేసి, గొంతు తగ్గించి చేసుకునేవాళ్ళం.

అలాగని ఇల్లు బోడిగా వదిలేసే రకం కాదు నేను. కాఫీ సీసాల్లో మనీప్లాంటు కొమ్మలు పెట్టాను. పాత చీరలు కత్తిరించి కర్టెన్లు కుట్టాను. మాది నర్సాపురం వైపు, లేసు అల్లడం మా ఆడవాళ్ళకి అన్నంతోపాటు వచ్చే విద్య. హాస్పిటల్లో డ్యూటీ మధ్య దొరికే కాస్త ఖాళీలోనూ అల్లి, సోఫాకీ, టీవీ బల్లకీ, చివరికి వాటర్ ఫిల్టరుకీ తొడిగాను. "మనుషులకి కూడా తొడిగేస్తావేమో, నేను కాస్త దూరంగా కూర్చుంటాను" అని మా ఆయన వేళాకోళం.

కింద ఇంట్లో ఉండే ఓనరమ్మ ఒకరోజు కిరాయి కోసం పైకొచ్చి ఆ లేసు వేళ్ళతో తడిమి చూసింది. "జర మా దేవుని అర్రకు గిట్లాంటిది ఒకటి అల్లిస్తవా?" అంది. కాదంటానా? తెల్లదారంతో మల్లెపూల అంచు అల్లి ఇచ్చాను. ఆవిడ దాన్ని దేవుడి పటాల కింద పరిచి, మంగళహారతి పళ్ళెం పెట్టి, నన్ను పిలిచి మరీ చూపించింది. అల్లినవాళ్ళు ఏ మతంవాళ్ళో తెలిస్తే ఈవిడ ఏమంటుందోనని నేను భయపడ్డాను.

డిసెంబరు వచ్చింది. ఓ ఆదివారం సాయంత్రం తలుపు తీసేసరికి ఓనరమ్మ, వెనకాలే డ్రిల్లింగ్ మిషను పట్టుకున్న ఎలక్ట్రీషియను.

"ఏందమ్మా, పండుగ దగ్గరపడె. మీ చుక్క ఏది?"

"ఏ చుక్క ఆంటీ?" అన్నాను.

"అగో, నన్నే అడుగుతది. బాల్కనిల కడ్తరు గద, మీ పండుగ చుక్క."

ఇక బుకాయించి లాభం లేదనిపించింది. మీకెలా తెలుసని అడిగాను.

"నీ బిడ్డ బడి నుంచి రాంగనే నా మెట్ల మీద కూసోని పాడుతది. అన్ని యేసయ్య పాటలే. మీరు దిగిన వారమే తెలిసె నాకు."

దిగిన వారమే! అంటే ఆ లేసు అడిగినప్పుడు కూడా ఆవిడకి తెలుసు. తెలిసే నా చేత అల్లించుకుంది, తెలిసే తన దేవుడి కింద పరుచుకుంది. "మేకులు వద్దన్నారుగా ఆంటీ" అన్నాను పిచ్చిదానిలా.

"నువ్వు కొడితే పలస్తరంత ఊడుతది. గీయన మిషన్‌తోని మంచిగ కొడ్తడు. ఫికర్ చెయ్యకు. ఇంకేమన్న ఉన్నయా పెట్టేటివి?"

పెట్టె తెరిచి, చీరల మడతల్లోంచి పటం తీశాను. ఆవిడే అందుకుని, పైటచెంగుతో తుడిచి, "తలుపు తియ్యంగనే కనపడాలె" అని ఎదుటి గోడ మీద చోటు తనే చూపించింది. ఆ క్షణంలో ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. సొంతిల్లు కొన్నా ఇంత సంతోషపడేదాన్ని కాదేమో. ఆవిడ చల్లగా ఉండాలని ఇప్పటికీ రోజూ ప్రార్థన చేసుకుంటాను.

మా ఆయన నక్షత్రం కట్టి స్విచ్ వేశారు. అమ్మాయి బాల్కనీలో నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఇక మనింట్లోనే పాడుకోవచ్చా?"