కొసరు వేసిన తూటాలు

తెర మీద ఎనిమిది వందల నలభై ఏడు అని పడగానే నాకు సంతోషం వేసింది. అంతకు ముందు పడ్డవి ఎనిమిది వందల ఇరవై ఒకటి, ఎనిమిది వందల ముప్పై నాలుగు. ఎప్పుడూ ఎనిమిది వందలకు ఒకటో రెండో తక్కువలో ఆగిపోయే మా తూటాలు ఆ రోజు అంత దూకుడుగా పోతున్నాయంటే, అది నా చేతి చలవే అనుకున్నాను. మెచ్చుకుంటుందేమో అని పెన్ను పట్టుకుని మామా ముఖం వైపు చూశాను. బుద్ధి తక్కువ మనిషికి ముందు సంతోషమే వస్తుంది.

మాది రాయచోటి పక్క ఊరు. కువైట్ వచ్చి పదమూడేళ్లయింది. జహ్రాలో ఒకే ఇల్లు, ఒకే మామా. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే మా దేశం ఆడవాళ్లంతా యజమానురాలిని మామా అనే పిలుస్తారు. వాళ్ల మామాల్లో చాలామందికి బంగారం అంగళ్లంటే ఇష్టం. మా మామాకు తుపాకులంటే ఇష్టం. ఎడారిలో ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. అక్కడ నేల మీద బోర్లా పడుకుని, ఎంతో దూరాన ఉన్న కాగితానికి చిల్లు పెడుతుంది. ఆ చిల్లు కోసం ఇంత అవస్థ ఎందుకో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఇప్పుడూ పూర్తిగా అర్థం కాలేదనుకోండి.

ఒకసారి పేలిన తూటా ఇత్తడి గుల్లను వాళ్లు పారేయరు. శుభ్రం చేసి, అడుగున నిప్పు రగిలించే కొత్త టోపీ బిగించి, లోపల తుపాకి మందు పోసి, మూతి దగ్గర కొత్త గుండు అదుముతారు. క్లబ్బులో దానికోసం తాళం వేసి ఉంచే గది ఒకటి ఉంది. పనివాళ్లు ఆ గదిలోకి పోకూడదని నియమం. కానీ మామాకు మణికట్టు నొప్పి. చిన్న చెంచాతో గింజ గింజగా మందు రాల్చి, తూకం మిషన్ మీద అంకె పడగానే ఆపాలంటే ఆమె చెయ్యి వణుకుతుంది. నా చెయ్యి వణకదు. అందుకని ఏడాదిగా ఆమె పక్కన కూర్చుంటే నేను పోసేదాన్ని. ఈ సంగతి క్లబ్బువాళ్లకు తెలియదు, మామా కూతురికి కూడా తెలియదు. తెలిస్తే మామా లైసెన్సు పోతుంది, నేను ఊరికి పోతాను. మా ఇంటి డ్రైవర్ అన్నకు మాత్రం తెలుసు. ఆయనది కడప.

"ఏమ్మే, ఇన్నాళ్లూ కూరలో కారం యేసే దానివి, ఇప్పుడు తుపాకిలో మందు గూడా యేస్తాండావా? ఇంగ నీతో జగడం పెట్టుకునేది కాదులే" అనేవాడు.

"మాటలు జాగర్త అన్నా, నీ చాయ్ కూడా నా చేతిదే" అనేదాన్ని.

ఇలా చేసిన తూటా బాగుందో లేదో చెప్పే మిషన్ పేరు క్రోనోగ్రాఫ్. తుపాకి మూతికి నాలుగడుగుల అవతల మూడు కాళ్ల స్టాండు మీద పెడతారు. గుండు దాని పైనుంచి దాటిపోతే, సెకనుకు ఎన్ని మీటర్ల వేగంతో పోయిందో తీగ చివర ఉన్న చిన్న తెర మీద అంకె పడుతుంది. ఆ అంకె చదివి చెప్పి, నోటుబుక్కులో రాసుకోవడం నా పని. అంకె తగ్గితే మామా నాలుక చప్పరించేది. పెరిగినా చప్పరించేదని తర్వాత గుర్తొచ్చింది. అప్పట్లో నాకు తగ్గినప్పటి చప్పరింతే వినబడేది. వేగం కొలుస్తున్నారంటే వేగం ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాను. పదమూడేళ్లలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఎవరినీ ఏమీ అడగలేదు.

పోటీకి వారం ముందు మామా నన్ను గదిలో కూర్చోబెట్టి, యాభై గుల్లలు ముందు పెట్టి, మధ్యలో ఫోన్ వస్తే బయటికి వెళ్లింది. ఆ ఫోన్ గంటకు పైగా సాగింది. మొదటిసారి నేను ఒక్కదాన్నే మందు ముందు కూర్చున్నాను.

మా అమ్మ సంతలో శనక్కాయలు అమ్మేది. కొలిచే పడి నిండా పోసి, పైన గోపురంలా పేర్చి, సంచిలోకి వంపాక కూడా ఆమె చెయ్యి ఆగేది కాదు. ఇంకో గుప్పెడు తీసి పైన వేసేది. అది కొసరు. వెయ్యకపోతే కొన్నామె కదిలేది కాదు, సంచి తెరిచి పట్టుకునే నిలబడేది. కొలతకు కొలత ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లను మా వైపు పిసినిగొట్టు అంటారు. విస్తరి ముందు కూర్చున్నవాళ్లకు కూడా మేం కొసరి కొసరి వడ్డిస్తాం, వద్దంటే ఇంకో గరిటె వేస్తాం. ఏడాదిగా మామా కళ్ల ముందు అంకె దగ్గర టక్కున ఆపేస్తుంటే నా చెయ్యి నాకే పరాయిదిలా ఉండేది. ఆ రోజు చూసేవాళ్లు లేరు. అంకె దగ్గర ఆపి, పళ్లెం మిషన్ మీద నుంచి తీసి, గుల్లలో పోసి, పైన చిటికెడు కొసరు వేశాను. యాభైకి యాభై అట్లాగే వేసి, గుండ్లు కూడా నేనే అదిమాను. పోటీ రోజు మామా గుండు నలుగురికంటే ముందు పోవాలని మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ వేశాను.

అందుకే, వాటిని కాల్చి పరీక్షిస్తున్న ఆ పొద్దున తెర మీద ఎనిమిది వందల నలభై ఏడు చూసి మురిసిపోయాను.

మామా మాత్రం గుల్లను బయటికి లాగే బోల్టు ఎత్తలేకపోయింది. మామూలుగా రెండు వేళ్లతో ఎత్తేది, అరచేత్తో కొట్టాల్సి వచ్చింది. బయటపడిన గుల్ల అడుగున టోపీ చదునుగా అణిగిపోయి ఉండటం చూసి కళ్లద్దాలు సర్దుకుంది. ఎండ తగిలి మిషన్ తప్పు చూపిస్తోందేమో అంది. తుపాకులన్నీ కింద పెట్టించి, ముందుకు వెళ్లి మిషన్ పైన అట్టముక్క నీడగా కట్టి వచ్చింది. తర్వాత తన సంచిలోంచి పాత తూటా ఒకటి తీసి కాల్చింది.

"ఏడు వందల తొంభై ఎనిమిది" అని చదివాను.

ఇంకోటి కాల్చింది. ఏడు వందల తొంభై తొమ్మిది. మిషన్‌లో ఏ తప్పూ లేదు.

మామా లేచి కూర్చుంది. గొంతు పెంచలేదు. "అంకె దగ్గర సరిగ్గా ఆపావా?" అని అడిగింది.

"సరిగ్గా ఆపాను మామా. ఆపాక శ్వయ్య వేశాను" అన్నాను. శ్వయ్య అంటే కొంచెం. వేళ్లతో చిటికె పట్టి చూపించాను కూడా. "బరకా కోసం." బరకా అంటే దేవుడిచ్చే వృద్ధి.

నేను నవ్వుతూనే చెప్పాను. మామా ముఖంలో రక్తం దిగిపోవడం నా కళ్లతో చూశాను. మనిషి ముఖం అంత తెల్లగా అవుతుందని నాకు తెలియదు. తుపాకి చెక్క ఆనించుకునే చోట, కంటి కింద, చెంప మీద ఆమె అరచెయ్యి పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"ఇది అన్నం కాదు" అంది చివరికి. "ఈ ఇనుమును ఇంత ఒత్తిడి తట్టుకునేలాగే చేశారు. అది దాటితే ముందుకు పోవాల్సింది వెనక్కి వస్తుంది. నా కంట్లోకి వస్తుంది. అర్థమైందా? మనకు కావాల్సింది ఎక్కువ వేగం కాదు. అన్నీ ఒకేలా పోవాలి, అంతే."

మూడు కాల్చింది. ఆ మూడుసార్లూ నేను పక్కనే కూర్చుని, పెద్ద అంకె పడాలని కోరుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టినా సరిపోదు.

మామా కళ్లు మూసుకుని "అల్‌హమ్దులిల్లా" అనుకుంది. తర్వాత ట్రే దగ్గరికి లాక్కుని, "అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా?" అని అడిగింది.

లేవు. ఐదు లేవు.

మామా కూతురు గోడ అవతలి వరుసలో ఉంది. నేను వచ్చేనాటికి నాలుగేళ్ల పిల్ల, ఇప్పుడు పదిహేడు. ఇక్కడి పిల్లలు పెంచినామెను దాదా అంటారు. మా ఊళ్లో దాదా అంటే కత్తి పట్టుకుని తిరిగేవాడు. ఆ పిల్ల పిలుస్తుంటే మాత్రం ఆ మాట కంటే తీయనిది నాకు ఇంకోటి లేదు. వాళ్లమ్మ పాత రైఫిల్‌తో ఆమె ఈ మధ్యే నేర్చుకుంటోంది. ఆ పిల్లకని ఐదు తూటాలు వేరుగా తీసి, చిన్న గుడ్డ సంచిలో కట్టి, పొద్దున కారులో ఆమె బ్యాగులో పెట్టాను. వాటిలో కొసరు ఒక చిటికెడు కాదు, రెండు. సొంత పిల్ల అనుకున్నదానికి అందరితో సమానంగా ఎట్లా వేస్తాను?

"పాప దగ్గర" అన్నాను.

పరుగెత్తాను. గోడ చుట్టూ తిరిగి పోవాలి. చెప్పులు ఇసుకలో ఊడిపోయాయి. అవతల తుపాకులు ఒకదాని తర్వాత ఒకటి పేలుతున్నాయి. ఏది ఎవరిదో తెలియదు. పిల్లకు కాల్చడం నేర్పే కోచ్ చెయ్యి అడ్డం పెట్టాడు. అరబ్బీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అమ్మీ, కాల్చొద్దే! ఆగే తల్లీ!" అని తెలుగులో అరిచాను. పదమూడేళ్లలో ఆ ఇంట్లోవాళ్ల ముందు నేను గొంతెత్తింది అదే మొదటిసారి. చెవులకు డిప్పలు పెట్టుకుని పడుకున్న పిల్లకు తెలుగైనా అరబ్బీ అయినా ఒకటే. నా వాలకం చూసి కోచ్ ఎర్రజెండా ఎత్తాడు. శబ్దాలు ఆగాయి.

పిల్ల లేచి కూర్చుంది. ఒళ్లో రైఫిల్, పిడికిలితో బోల్టు కొడుతోంది, అది రావడం లేదు. భుజం రుద్దుకుంటూ నన్ను చూసి నవ్వింది.

"దాదా! ఇది భలే తన్నింది తెలుసా!"

ఒకటి కాల్చేసింది. అప్పటికే ఒకటి కాల్చేసింది. కన్ను ఉంది, ముక్కు ఉంది, పళ్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూసుకున్నాను.

వెనకాలే మామా వచ్చింది. కూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పింది. చెవి వెనక, కంటి కింద వేళ్లతో తడిమింది. పిల్ల విసుక్కుంది. మామా రైఫిల్ తీసుకుంది, గుడ్డ సంచి తీసుకుంది. గదిలోకి పోయి ఒక తూటాను విప్పి, మందు పళ్లెంలో పోసి తూకం మిషన్ మీద పెట్టింది. గుమ్మం దగ్గర పిల్ల, కోచ్, వెనకాల నేను. అంకె ఎక్కడ ఆగాలో మాకందరికీ తెలుసు. అక్కడ ఆగలేదు.

పిల్లకు అప్పుడు అర్థమైంది. నవ్వు పోయింది, చెయ్యి చెంప మీదికి పోయింది.

"ఎవరు పోశారు ఇది?" అంది.

మామా వెనక్కి తిరగలేదు. నా వైపు చూడలేదు.

"నేను" అంది.

తర్వాత ఆ పిల్ల తల్లిని అన్న మాటలు నేను రాయను. పోటీల పిచ్చిలో కూతురి కన్ను కూడా కనబడలేదా అంది, ఇంకా చాలా అంది. కోచ్ ముందే అంది. ఇంట్లో ఎవరి మాటా పడని మామా తల వంచుకుని పడింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఎప్పుడొచ్చాడో డ్రైవర్ అన్న, నా కొంగు పట్టుకుని వెనక్కి లాగాడు.

"నోరు తెరిచినావంటే ఇద్దురూ పోతారు మే" అన్నాడు నెమ్మదిగా. "ఆయమ్మ లైసెన్సూ పోతాది, నీ ఇఖామా ఖలాస్. ఆయమ్మ చెప్పింది కదా, గమ్మునుండు."

గమ్మునున్నాను. ఇఖామా కోసమే, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం కోసమే గమ్మునున్నాను, ఇంకో గొప్ప కారణం ఉందని చెప్పి పుణ్యం కట్టుకోను.

ఇంటికి పోయేటప్పుడు తల్లీ కూతుళ్లు కారులో చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను ముందు సీట్లో ఉన్నాను. సగం దారిలో పిల్ల వెనక నుంచి ముందుకు వంగి, నా భుజం మీద గడ్డం ఆనించింది. చిన్నప్పుడు నిద్ర వస్తే అట్లాగే ఆనించేది.

"దాదా, అమ్మ పోసినవి నేనింక ముట్టుకోను" అంది, తల్లికి వినబడేలాగే. "ఆ గదిలోకి నిన్ను రానివ్వమని కోచ్‌ని నేను అడుగుతాను. నాకు అన్నం పెట్టిన చెయ్యి నీది. నా తూటాలకు ఇకమీదట నువ్వే మందు పొయ్యాలి."

అద్దంలో మామా కళ్లు నా కళ్లను కలిశాయి. నేను సరేనని తల ఊపాను.