సచ్చినోళ్లు నవ్వాలె

మా వాహెద్ భాయ్ తీసిన కౌబాయ్ సినిమాలో చచ్చినవాడు కెమెరా వైపు చూసి నవ్వకుండా ఇంటికి పోవడానికి వీల్లేదు. తూటా తగిలి పడినా, బండ మీంచి దొర్లినా అదే రూలు. పడ్డచోటే లేచి, దుమ్ము దులుపుకొని, పళ్లన్నీ కనపడేలా నవ్వాలి. అప్పుడే వాడికి చాయ్.

చావు సీను చేసినవాణ్ని దిష్టి తగలకుండా ఒకసారి నవ్వించి పంపడం సినిమావాళ్లకు అలవాటేనని నాకూ తెలుసు. కానీ అది చిటికెలో అయిపోయే పని. మావాడు ఆ నవ్వును అసలు సీనుకన్నా శ్రద్ధగా తీసేవాడు. నచ్చకపోతే మళ్లీ తీసేవాడు.

"గిది నవ్వా? పండ్ల డాక్టర్ ముంగట కూసున్నట్టుంది. జర దిల్‌ కెల్లి నవ్వు" అనేవాడు, అప్పుడే చచ్చిన బందిపోటుతో.

వాహెద్ భాయ్‌ది కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు తీసే పని. ఊరంతా ఆయన్ను వీడియో వాహెద్ అంటుంది. జీవితంలో ఒక్కసారి డైరెక్టర్ అనిపించుకోవాలని ఆయన తపన. కాలేజీలో తెలుగు చెప్పుకునే నన్ను మాటలు రాయమని పట్టుకున్నాడు. రాశాను. రాసినవాటిలో సగం గుర్రం పాలయ్యాయి.

ఆ గుర్రం పెళ్లి బరాత్‌లది. నలుగురు గుమిగూడితే ఆగి కాళ్లాడించడమే దానికి తెలిసిన విద్య. బందిపోట్లు చుట్టుముట్టగానే అది నాట్యం మొదలుపెట్టేది. హీరో అమీర్ పారిపోవడం మానేసి పెళ్లికొడుకులా బిగుసుకు కూర్చునేవాడు. పైగా వాహెద్ భాయ్ భార్య బిల్కీస్ పాత సోఫా కవర్లు కత్తిరించి అందరికీ చేతుల్లేని కోట్లు కుట్టింది. అమీర్ వీపు మీద గులాబీలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఊరి బయట పని ఆగిన గ్రానైట్ క్వారీయే మాకు అమెరికా.

విలన్ సామ్యూల్ అన్న. చర్చిలో పాటలు పాడించే పెద్దమనిషి. విలన్ వేషం వేయాలని ఆయనకు చిన్ననాటి నుంచి కోరిక. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగని మనిషి, తలమీద టోపీ పెట్టగానే మీసం దువ్వుతూ క్వారీ దద్దరిల్లేలా అరిచేవాడు.

ఆఖరి రోజు విలన్ చావాలి. సాయంత్రం గుర్రం చొప్పదండి పెళ్లికి పోవాలి, మర్నాటి నుంచి క్వారీలో మళ్లీ పని మొదలు. అంటే ఆ పూట కుదరకపోతే సినిమాకు ముగింపు లేనట్టే. అమీర్ పేల్చాడు. సామ్యూల్ అన్న గుండె పట్టుకొని, తూలి, ఆకాశానికేసి చూసి అద్భుతంగా పడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆయన వెనక గట్టు మీది రోడ్డున నిండుగా జనమెక్కిన ఆటో ఒకటి తాపీగా పోయింది. అందులోవాళ్లు మాకు చేతులు కూడా ఊపారు.

కెమెరా బ్యాటరీ ఇంకొక్క షాట్‌కే వచ్చేలా ఉంది. చావు మళ్లీ తీద్దామన్నాను.

"సామ్యూల్ అన్న ఇంకా నవ్వలే సార్" అన్నాడు వాహెద్ భాయ్.

"నవ్వుదేమున్నది, రేపు ఇంటికాడ తీసుకోవచ్చు. కౌబాయ్ సిన్మల ఆటో ఉంటదా?"

"ఉంటే ఉండనీ. పడ్డకాన్నే లేవాలె. సచ్చినోళ్లు నవ్వాలె."

నేను విసురుగా గుర్రం వైపు వెళ్లిపోయాను. ఆ నవ్వుతోనే బ్యాటరీ అయిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. డైరెక్టర్ కావాల్సిన మనిషి చేజేతులా సినిమాను పాడుచేసుకున్నాడని చాలా రోజులు ముఖం చాటేశాను.

ఫంక్షన్ హాల్లో సినిమా వేసిన రోజు మాత్రం పోకుండా ఉండలేకపోయాను. సామ్యూల్ అన్న భార్య రిబ్కమ్మ నా పక్కనే కూర్చుంది. విలన్ పడ్డాడు, ఆటో వచ్చింది, హాలు హాలంతా ఈలలు వేసింది. రిబ్కమ్మ మాత్రం కొంగుతో ముఖం కప్పుకుంది. సిగ్గుపడుతోందేమో అనుకున్నాను.

శుభం పడ్డాక, చచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి నవ్వడం మొదలైంది. చివర్న సామ్యూల్ అన్న లేచాడు. దుమ్ము దులుపుకొని, నవ్వి, సూటిగా చూస్తూ అన్నాడు: "రిబ్కా, మంచిగనే ఉన్న. అన్నం వెట్టు, వస్తున్న."

ఆ గొంతు విన్నాకే రిబ్కమ్మ కొంగు తీసింది. కళ్లు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. నిరుడు ఆయనకు గుండె ఆపరేషన్ అయిందట. వేషం వేసుకోవచ్చని డాక్టర్ చెప్పినా ఈమె వద్దందట.

"ఆయన సచ్చినట్టు పడితె నేను సూడలేనని అన్న. పడ్డకాన్నే నవ్వించుకుంట లేపుతనక్కా అని వాహెద్ భాయ్ మాటిచ్చిండు తమ్మి. గందుకే పంపిన" అంది.

బయట వాహెద్ భాయ్‌ని పట్టుకున్నాను. సామ్యూల్ అన్న కోసమైతే మిగతావాళ్లందరినీ ఎందుకు నవ్వించినట్టని అడిగాను.

"ఆయననొక్కన్నే నవ్విస్తే ఎందుకని అడుగుతరు కద సార్. గుండె ఆపరేషనని తెలిస్తే అందరు పాపమనుకుంట సూస్తరు. పాపమనిపిస్తే ఇంక విలనేంది?"

నాకు మనసు నిండిపోయింది. అక్కడే ఆయనకు చాయ్ ఇప్పించాను.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఆయన్ను వీడియో వాహెద్ అనడం లేదు. కోరుకున్నట్టే డైరెక్టర్ అంటున్నారు. కాకపోతే ముందు ఆటో తగిలించి, ఆటో డైరెక్టర్ అంటున్నారు. ఆయనకు అదీ సంతోషమే. రెండో సినిమాలో నాకు చచ్చే వేషం ఇచ్చాడు. నేను రోజూ అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చేస్తున్నాను.